పాత మోటారు సైకిలును తూకానికి వేయకండి

(కొత్తపేటలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో "విశ్రాంత జీవితంలో వ్యాపకాలు" అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ డి.ఏ. బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు కాస్త మార్పుగా వ్యాపకాల గురించి చెప్పమన్నారు. పెరటి తోట గురించీ, భాగవత పారాయణం గురించీ నాకన్నా ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నాది అంత శుభ్రమైన వ్యాపకం కాదండి. చేతులకు గ్రీజు, బనీనుకు నూనె మరకలు, ఇంట్లో వాళ్ల చేత నాలుగు మాటలు. పాత మోటారు సైకిళ్లను బాగు చేసి నడపడం నా వ్యాపకం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీ పశువుల పాకలోనో, కొబ్బరి డొక్కల గుట్ట వెనకాలో పడి ఉన్న పాత బండిని తూకానికి అమ్మే ముందు ఒక్క ఆరు నెలలు ఆగండి. ఇనుము ఎక్కడికీ పోదు. తుప్పు పట్టినా మిగిలే ఉంటుంది. కాని ఆ బండిని బాగు చేయగలిగిన చెయ్యీ, ఆ బండి తాలూకు కాగితమూ, ఈ రెండూ మన కళ్లముందే పోతున్నాయి. అవి ఉండగానే పని జరగాలి.

మన బండ్ల పుట్టుపూర్వోత్తరాలు

మనలో చాలామంది ఉద్యోగం చేసింది మూడు రకాల బండ్ల మీద. బుల్లెట్, జావా లేక యెజ్డీ, రాజ్‌దూత్.

బుల్లెట్ అనే పేరు 1932లో ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టింది. 1949 నుంచి మద్రాస్ మోటార్స్ వారు దాన్ని మన దేశంలో అమ్మారు. మన సైన్యానికి పెద్ద ఎత్తున కావలసి రావడంతో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు శివారు తిరువొత్తియూరులో తయారీ మొదలుపెట్టింది. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. పుట్టింట దీపం ఆరిపోయినా మెట్టినింట వెలుగుతూనే ఉంది. ఆ 346 సి.సి. పోత ఇనుము ఇంజను పెద్ద మార్పు లేకుండా దశాబ్దాల పాటు తయారైంది. అందుకే పాత బుల్లెట్‌కు ఈనాటికీ సామాన్లు దొరుకుతాయి. కొత్తగా ఈ పనిలోకి దిగేవారికి నేను ముందుగా చెప్పేది బుల్లెట్టే.

జావా కథ వేరు. 1929లో చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే జర్మను కంపెనీ నుంచి మోటారు సైకిలు తయారీ హక్కులు కొన్నాడు. ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే జావా. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో తయారీ ప్రారంభించింది. 1973 నుంచి అదే బండి యెజ్డీ పేరుతో వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరుతో కొత్త బండ్లు వేరే కంపెనీ తెచ్చింది గాని, వాటి ఇంజను వేరు. పాత జావా 250 సి.సి. టూ స్ట్రోకు. సిలిండరు ఒకటే, పొగ గొట్టాలు రెండు. కిక్కు రాడ్డూ, గేరు రాడ్డూ ఒకటే. కిక్కు కొట్టి స్టార్టు చేసి, అదే రాడ్డును మడిచి గేరు వేయాలి. ఇప్పటి కుర్రాళ్లకు ఇది చూపిస్తే గారడీలా చూస్తారు.

రాజ్‌దూత్‌ను ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ కంపెనీ, ఒక పోలండు బండి నమూనా మీద తయారు చేసింది. 1973లో వచ్చిన 'బాబీ' సినిమాతో దాని చిన్న బండికి సినిమా పేరే అంటుకుంది. కాని పల్లెల్లో దాని అసలు పేరు పాల క్యాన్ల మీద నిలబడింది. మూడు గేర్లు, మొండి ఇంజను, ఎంత బరువైనా మోసేది.

లంకల్లో ఉద్యోగం

నేను నీటిపారుదల శాఖలో పనిచేశాను. 1979లో శాఖ ఇచ్చిన మోటారు సైకిలు అడ్వాన్సుతో యెజ్డీ కొన్నాను. నెలనెలా జీతంలోంచి వాయిదా కోసుకునేవారు. వంతెనలు ఇన్ని లేని కాలం అది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కించి ముక్తేశ్వరంలో దింపడం, సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం పోవడం మీలో ఎందరికో అనుభవమే. పంటు మీద గేదెలూ, కొబ్బరికాయల బస్తాలూ, పెళ్లివారూ, వాళ్ల మధ్య మన బండి. దిగేటప్పుడు ఇసుకలో నలుగురు పట్టి తోసేవారు. పశువైద్యులు, గ్రామసేవకులు, కరెంటు ఆఫీసు వాళ్లు, టీకాలు వేసే ఆరోగ్య శాఖ వాళ్లు, అందరూ కాలవ గట్ల మీద ఈ బండ్లతోనే ఊళ్లు తిరిగారు. రాజుగారి గుర్రాలకు చరిత్ర ఉంది. ఈ బండ్లకు మాత్రం మన లాగ్ బుక్కులే చరిత్ర. ఆ లాగ్ బుక్కులు కూడా చెదలు తినేశాయి.

అందుకనే వీటిని పాత సామాను అని తీసిపారేయలేను. కోనసీమకు ప్రభుత్వం ఏ దారిన వచ్చిందో తెలియాలంటే ఇవి చూపించాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

పాత బండి దొరకగానే చాలామంది చేసే మొదటి పని కిక్కు కొట్టడం. దయచేసి ఆ పని చేయకండి. ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజనులో పిస్టను సిలిండరుకు అతుక్కుని ఉంటుంది. బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి, సిలిండరు గీసుకుపోతుంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిలూ ఇంజను ఆయిలూ కలిపి కొద్దిగా పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. తరువాత పై గేరులో పెట్టి, వెనక చక్రం పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపండి. ఓపిక ఉంటే కదులుతుంది.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలోనూ లంకలు మునిగాయి. వరద నీటిలో మునిగిన ఇంజనుకు కిక్కు అసలే పనికిరాదు. పాత ఆయిలు పూర్తిగా దించాలి. కొత్త ఆయిలు పోసి, ఇంజనును చేత్తో తిప్పి, దాన్నీ దించెయ్యాలి. రంగు తెల్లగా మజ్జిగలా వస్తున్నంత కాలం నీరు ఉన్నట్టే. ఒండ్రు బేరింగుల్లోకి వెళితే ఇంజను విప్పక తప్పదు.

విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫోటో తీసుకోండి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. బోల్టులు, వాషర్లు ఎక్కడివక్కడ విడివిడిగా డబ్బాల్లో పెట్టి పేరు రాయండి. డబ్బాలు కొనక్కర్లేదు. మన బి.పి., షుగరు మాత్రల డబ్బాలు ఇంటినిండా ఉంటాయి.

ఇంజను మోగకముందే బ్రేకులు చూడండి. ఇది అందరికీ తలకిందులుగా అనిపిస్తుంది. కాని కదిలించడం కన్నా ఆపడం ముఖ్యం. బ్రేకు షూలు, కేబుళ్లు, టైర్లు ముందు. టైరు మీద పువ్వు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు ఇస్తే తీసెయ్యండి.

పెట్రోలు ట్యాంకులో మన గాలి తేమకు తుప్పు తప్పదు. చిన్న గులకరాళ్లు, కొద్దిగా డీజిలు పోసి బాగా ఊపి కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ఒక్క రాయి లోపల మిగలకుండా లెక్క చూసుకోవాలి. కార్బ్యురేటరు జెట్లను గాలితో ఊది శుభ్రం చేయాలి గాని తీగ పెట్టి పొడవకూడదు. తీగ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, తరువాత బండి ఎన్ని పెట్రోళ్లయినా తాగుతుంది. పాయింట్ల మధ్య ఎడం మూడున్నర నుంచి నాలుగు పదోవంతుల మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజి కొనుక్కోండి, ఖరీదు తక్కువే. జావా, రాజ్‌దూత్ వంటి టూ స్ట్రోకు బండ్లకు క్రాంకు రెండు పక్కలా ఉండే ఆయిలు సీళ్లు కాలంతో గట్టిపడతాయి. అవి లీకైతే బండి పొగ విపరీతంగా వదులుతుంది, లేకపోతే నిలకడగా తిరగదు. పైపైన ఎన్ని మార్చినా లాభం ఉండదు. ముందు సీళ్లు మార్చాలి.

మేస్త్రి విద్య

పైన చెప్పినవేవీ నేను పుస్తకంలో చదివినవి కావు. రావులపాలెంలో ఒక పెద్ద మేస్త్రి దగ్గర నేర్చుకున్నవి. చిన్నతనంలో లారీ షెడ్డులో చేరి పనంతా నేర్చిన మనిషి. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి వినేవారు. "పంతులు గారూ, ఎడం బేరింగు పోయింది" అనేవారు. విప్పి చూస్తే ఎడం బేరింగే. నేను పంతుల్ని కాను, కాలవ గట్ల మీద తిరిగినవాణ్ణి. అయినా ఆయనకు కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాడూ పంతులే.

2010లో రిటైరయ్యాక నా యెజ్డీని ఆయన దగ్గరికి తీసుకువెళ్లాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కొబ్బరిచెట్టు పడి మా పాక కూలి, ఆ బండి ట్యాంకు సొట్టపోయింది. అప్పటినుంచి మూలనే ఉంది. ఎనిమిది నెలలు రోజూ ఉదయం రెండు గంటలు ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన చెబుతుంటే పనిచేశాను, ఇంటికి వచ్చి రాసుకున్నాను. బండికి రంగు వేసేటప్పుడు ట్యాంకు సొట్ట తీయనా అని అడిగారు. వద్దన్నాను. బాగు చేయడం వేరు, కొత్తదాన్ని చేయడం వేరు. చూసినదానికల్లా మెరుగు పూయిస్తే అది ఎవరి బండో తెలియకుండా పోతుంది. ఆ సొట్ట చూసి మనవలు తుఫాను సంగతి అడుగుతారు. అది చాలు.

ఆ మేస్త్రి గారు 2021లో కాలం చేశారు. పిల్లలిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. షెడ్డు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఈనాటి మెకానిక్కులు తెలివితక్కువ వారని నేను అనను. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో కార్బ్యురేటరు బదులు ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి వచ్చింది. కంప్యూటరు తగిలించి లోపం చూసే విద్య వారిది. వారికి పాయింట్లు, మాగ్నెట్టు నేర్పేవారు లేరు, నేర్చుకున్నా దానివల్ల పొట్ట గడవదు. విద్య పోవడం అంటే ఇదే. నా దగ్గర మిగిలింది ఆయన మాటలు రాసుకున్న నలభై పేజీల నోటు పుస్తకం. దాన్ని ముగ్గురు కుర్రాళ్లు ఫోటోలు తీసుకున్నారు. చేత్తో పట్టి చూపించేది మాత్రం పుస్తకంలోకి రాదండి.

మీ ఊరి పాత మేస్త్రి ఇంకా ఉంటే, చేతులు వణికినా సరే, ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పించుకోండి. ఆయన కూలీ ఆయనకివ్వండి. ఆ గౌరవంతో ఆయన ఆరోగ్యం కూడా బాగుపడడం నేను చూశాను.

పెట్రోలు మారింది

ఇంకొక కొత్త చిక్కు. 2023 నుంచి మన బంకుల్లో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు రావడం మొదలై, 2025 నాటికి దేశమంతా విస్తరించింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. పాత రకం రబ్బరు పైపులను, కార్కు వాషర్లను పాడు చేస్తుంది. పాత బండ్లు దీనికోసం తయారైనవి కావు. చేయవలసింది మూడు పనులు. పెట్రోలు పైపు, వాషర్లు కొత్త రకానివి వేయించాలి. నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకులోనూ కార్బ్యురేటరులోనూ పెట్రోలు ఉంచకూడదు. వారానికొకసారైనా బండి తీయాలి. టూ స్ట్రోకు బండికి నూనె కలపడం మాత్రం మరువకండి. పాత జావాకు లీటరుకు సుమారు 40 మి.లీ. లెక్క.

కాగితాలు: మనకు తెలిసిన విద్య

ఇప్పుడు మనందరికీ బాగా తెలిసిన రంగానికి వస్తాను. మనం బతికే ఉన్నామని ఏడాదికోసారి కాగితం ఇస్తాం. బండికి అదే బాధ. కొన్న పదిహేనేళ్లకు ఒకసారి, ఆ తరువాత ఐదేళ్లకోసారి ఆర్.సి. రెన్యువలు చేయించాలి. రుసుములు పెరుగుతున్నాయి, ముందుగా కనుక్కుని వెళ్లండి.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజి వాహనాల పేరుతో వేరే నిబంధనలు తెచ్చింది. సొంత వాడకం బండి అయి ఉండాలి, అసలు రూపం మారకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. గడువు పదేళ్లు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంటుంది. అయితే అలా నమోదైన బండిని రోజూ కూరగాయలకు తీసుకుపోవడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. కనుక రోజూ నడపాలనుకునేవారు మామూలు ఆర్.సి.నే కాపాడుకోవడం మంచిది. నా యెజ్డీకి 2029లో గాని యాభై రావు, నాకు ఆ తొందర లేదు.

కొనేవారికి ఒక హెచ్చరిక. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిచూడండి. నంబరు చుట్టూ గీరినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

మన సభ్యురాలు ఒకావిడ, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నారు. వారి భర్తగారు పశుసంవర్ధక శాఖలో చేసి పోయారు. ఒకరోజు ఆవిడ ఫోన్ చేసి, "తమ్ముడూ, మీ బావగారి రాజ్‌దూత్ కిలోల లెక్కన అడుగుతున్నాడు, ఇచ్చెయ్యనా?" అన్నారు. "అక్కగారూ, ముందు ఆర్.సి. ఎక్కడుందో చూడండి" అన్నాను. ఎల్.ఐ.సి. బాండ్ల సంచిలో దొరికింది. యజమాని పోయాక ముప్పై రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో 31వ నంబరు ఫారంతో వారసుల పేరున మార్పించుకోవాలని నిబంధన. ఆలస్యమైతే దారి మూసుకుపోదు గాని తిరుగుడు పెరుగుతుంది. ఆవిడ కొడుకు సెలవు పెట్టి నాలుగుసార్లు తిరిగి పేరు మార్పించాడు. బండి ఇప్పుడు నడుస్తోంది. మొదటిరోజు ఇంజను శబ్దం విని ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి, ఏమీ అనకుండా అరుగు మీద కూర్చున్నారు. దాని ఖరీదు కిలోల్లో కట్టలేం.

ఇంత తిరుగుడు లేకుండా ఉండాలంటే, మన పింఛను కాగితాల్లో నామినీ పేరు రాసినట్టే ఆర్.సి.లోనూ రాయించుకునే వీలు 2021 నుంచి వచ్చింది. ఇంటికి వెళ్లగానే ఆ పని చూడండి.

నడిపేటప్పుడు మన వయసు గుర్తుండాలి

బండి బాగుపడినంత మాత్రాన మన మోకాళ్లు బాగుపడవు. బుల్లెట్ ఎదురు తన్ను తంతే కాలు విరిగినవారున్నారు. డీకంప్రెసరు వాడి, పిస్టను సరైన చోటికి తెచ్చి, అప్పుడు కొట్టాలి. కాలు సహకరించకపోతే ఇంట్లో కుర్రాడి చేత కొట్టించండి, నామోషీ లేదు. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ ఉంటుంది. రోజూ స్కూటీ నడిపేవారు అత్యవసరంలో తడబడతారు. ఖాళీ స్థలంలో బాగా అలవాటు చేసుకున్నాకే రోడ్డెక్కండి.

యాభై అయిదు దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకోసారి, వైద్యుని సర్టిఫికెట్‌తో రెన్యువలు అవుతుంది. కంటి శుక్లాలు ఉన్నవారు, కళ్లు తిరిగే మందులు వాడేవారు నడపవద్దు. బాగు చేసే పని మాత్రం చేయవచ్చు, అందులోనే సగం ఆనందం ఉంది. ఆరు ఓల్టుల దీపం వెలుగు నమ్మి చీకటి పడ్డాక పోవద్దు. ఐ.ఎస్.ఐ. హెల్మెట్టు, ఇన్సూరెన్సు తప్పనిసరి. ఖర్చు నెలనెలా పింఛనులో మిగిలినదాంట్లోంచే పెట్టండి. కమ్యుటేషను సొమ్ము ముట్టుకోవద్దు.

దారి అంటారా, మనకున్నంత మంచి దారి ఎవరికుంది? పొద్దున్నే ఆరింటికి కొత్తపేటలో బయలుదేరి, రావులపాలెం మీదుగా లొల్ల లాకులు, ఆత్రేయపురం, బొబ్బర్లంక, బ్యారేజీ దాటితే ధవళేశ్వరం. పక్కనే కాలవ, పైన చెట్లు. పాత బండికి నలభై దాటని వేగం చాలు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి, ఎండ ముదరకుండా ఇంటికి చేరవచ్చు.

ఇంగ్లండులో 1915కు ముందు తయారైన మోటారు సైకిళ్లతో 1930 నుంచి పయొనీర్ రన్ అనే యాత్ర నడుపుతున్నారు. నూరేళ్లు దాటిన బండ్లు వాళ్లు నడపగలుగుతున్నది డబ్బు ఎక్కువై కాదు. ఒకరి నుంచి ఒకరికి విద్య, కాగితం, సామాను జాగ్రత్తగా అందుతున్నాయి కనుక.

కాబట్టి మన కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఒక రిజిస్టరు తెరుద్దాం. మన సభ్యుల ఇళ్లల్లో ఏయే పాత బండ్లున్నాయి, ఆర్.సి. ఉందా లేదా, ఏ ఊళ్లో ఏ మేస్త్రి బతికి ఉన్నారు, ఆయనకు ఏ బండి తెలుసు, ఇవి రాసుకుందాం. మనం జీవితమంతా రిజిస్టర్లు రాసినవాళ్లం, ఇది మనకు కష్టం కాదు. నా నోటు పుస్తకం నకళ్లు తీసి సంఘం కార్యాలయంలో ఉంచుతాను. ఎవరైనా చూసుకోవచ్చు. మొదటి పేరు నమోదు చేయించుకోవడానికి రేపు ఉదయం పది గంటల నుంచి నేను కార్యాలయంలోనే ఉంటాను.